ఒంటిపూట పట్నం

అమ్మ మోకాళ్ళు చూపించడానికి హైదరాబాదు వెళ్ళాం. ఎముకల డాక్టరు ఎక్స్‌రేలు వెలుతురుకు పెట్టి చూసి, ఇప్పుడప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, మాత్రలు వాడండి, మెట్లు మాత్రం ఎక్కనివ్వకండి అని పంపించేశాడు. మూడు రోజులు పడుతుందనుకున్న పని రెండు రోజుల్లో తేలిపోయింది. మా ఊరు చర్లకు రిజర్వేషన్ మూడో రోజు రాత్రికి ఉంది. మధ్యలో ఒక పగలు మిగిలింది. లక్డీకాపూల్‌లో మేం దిగిన లాడ్జిలో కౌంటరు దగ్గర కూర్చునే అబ్బాయి, "పొద్దున ఎనిమిదింటికి బస్సెక్కితే భోజనం వేళకు దింపేస్తారు సార్, గైడు కూడా ఉంటాడు" అని ఒక కాగితం చేతిలో పెట్టాడు. బిర్లా మందిర్, చార్మినార్, గోల్కొండ, ట్యాంక్‌బండ్. నాలుగు పేర్లూ చదివి వినిపించాను. అమ్మ అడిగింది ఒక్కటే.

"వాడు ఊరికే తిప్పుతాడా, చెప్తాడా?"

చెప్తాడట అన్నాను. "అయితే పోదాం" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టేదాకా ఆ మాటే మెదిలింది. మా వైపు ఎవరైనా ఊరెళ్ళి చూసి వచ్చారంటే పని సగమే అయినట్టు. వచ్చాక చెప్పాలి. తిరుపతి వెళ్ళొచ్చినవాళ్ళు లడ్డూతోపాటు కబురు కూడా పంచాలి. ఎక్కడ దిగారు, ఎంతసేపు నిలబడ్డారు, హారతి వేళకు లోపల ఉన్నారా, స్వామి మెడలో ఏ దండ ఉంది. అడిగినవాటికి చెప్పలేకపోతే, "మరి ఏం చూసొచ్చావు?" అంటారు. అందులో దెప్పిపొడుపు లేదు, నిజంగానే అడుగుతారు. తాతయ్య అరుగు మీద కూర్చుని చదువుతుంటే అమ్మ చిన్నప్పుడు విన్న పుస్తకం కాశీమజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన ఆ కథలన్నిటికీ మూలం ఒక ఒప్పందం. కాశీకి పోయే మణిసిద్ధుడనే యతి వెంట పశువుల కాపరి గోపాలుడు తోడు వస్తాడు. వాడికి కావలసిందల్లా కథ. మజిలీ చేరగానే ఊళ్ళో తిరిగి ఏదో ఒక వింత చూసి వస్తాడు. దాని కథేమిటో యతి చెప్పాలి. చెప్తేనే మర్నాడు నడక. చూపు వాడిది, చెప్పడం ఆయనది. అమ్మ లెక్కలో బస్సు గైడంటే ఆ మణిసిద్ధుడే.

నిజం చెప్పాలంటే ఇలాంటి బస్సుల మీద నాకు అంతకుముందు గౌరవం లేదు. ఒక ఊరు తెలియాలంటే అందులో ఉండాలి, నడవాలి, అద్దె కట్టాలి, జ్వరం పడాలి, అప్పుడు గానీ అది మనిషికి పట్టుబడదు అనుకునేవాణ్ణి. పంతులు ఉద్యోగంలో ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెప్తున్నవాణ్ణి, ఒక పూటలో ఏ పాఠమైనా అవుతుందా అని అనుమానం. కానీ ఉండిపోయే వీలు ఎందరికి ఉంటుంది? చర్ల నుంచి పట్నం వచ్చేవాళ్ళు ఆసుపత్రికి వస్తారు, కోర్టుకు వస్తారు, కొడుకు కాలేజీ ఫీజు కట్టడానికి వస్తారు. పని అయ్యాక మిగిలిన పూటే వాళ్ళ యాత్ర. మన భాషలో నగరాన్ని చూపించిన గొప్ప పుస్తకం క్రీడాభిరామం కూడా ఒక్క రోజు తిరుగుడే కదా. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు పొద్దున బయల్దేరి ఓరుగల్లు వీధులు చుట్టబెడతారు. పూటకూళ్ళ ఇంట్లో ఒక్క రూకకు ఏమేం వడ్డించేవారో, పల్నాటి వీరుల కథ వీధిలో ఎలా పాడేవారో ఈనాటికీ మనకు తెలుస్తోందంటే ఆ ఒక్క రోజు వాళ్ళు కళ్ళు తెరుచుకుని నడిచినందుకే. ఆ నగరంలోనే పుట్టి పెరిగినవాళ్ళు ఎందరో ఉండి ఉంటారు. వాళ్ళకు రోజూ కనబడేది రాయాలని తోచలేదు.

పొద్దున బస్సులో పాతికమందిమి. ఆదిలాబాదు నుంచి ఒక కుటుంబం, ఒడిశా నుంచి కొత్తగా పెళ్ళయిన జంట, ఐదుగురు తమిళ వృద్ధులు, మిగతావాళ్ళు ఎవరో. గైడుకు యాభై దాటి ఉంటాయి. పాతబస్తీలో పుట్టానని ముందే చెప్పుకున్నాడు. "పైలంగ ఎక్కుండ్రి పెద్దమ్మా" అని అమ్మ చెయ్యి పట్టుకుని ముందు సీటులో కూర్చోబెట్టాడు. ప్రతి మాటా మూడు భాషల్లో చెప్పాలి ఆయన. కాసేపటికి నాకొకటి అర్థమైంది. తెలుగులో కథ చెప్తున్నాడు, హిందీలో ఆ కథను కుదించి రాజు పేరు చెప్తున్నాడు, ఇంగ్లీషుకు వచ్చేసరికి సంవత్సరమూ ఎత్తూ బరువూ మిగులుతున్నాయి. అమ్మకు కథే వచ్చింది కాబట్టి ఆమె ఆ బస్సులో అందరికన్నా ఎక్కువ చూసిందని నా నమ్మకం.

బిర్లా మందిర్ దగ్గర అమ్మ దిగలేదు. నౌబత్ పహాడ్ మీద రాజస్థాన్ నుంచి తెచ్చిన 2,000 టన్నుల తెల్లరాయితో కట్టి 1976లో తెరిచిన గుడి అది. కింద నుంచే వెంకన్నకు దండం పెట్టి, "ఆయనా కొండ మీదే, నేనూ కిందే, కొత్తేముంది" అని కూర్చుంది. నేను వెళ్ళి వచ్చాను.

ఆ తర్వాత బస్సు మూసీ దాటుతోంది. సాలార్‌జంగ్ మ్యూజియం ఒక పూట టికెట్టులో లేదు, కానీ గైడు దాన్ని ఊరికే పోనివ్వలేదు. ఆ గోడల వెనక ఒక గడియారం ఉందనీ, గంట గంటకూ అందులోంచి ఒక చిన్న మనిషి బయటికి వచ్చి గంట కొట్టి మళ్ళీ లోపలికి పోతాడనీ, వాణ్ణి చూడటానికి ముందుగానే జనం చేరి కూర్చుంటారనీ చెప్పాడు. అమ్మ ఆ గోడ వంక చూస్తూనే ఉంది. ఉస్మానియా ఆసుపత్రి వచ్చేసరికి ఆయన గొంతు మారింది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి ఆవరణలో ఇప్పటికీ ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. మళ్ళీ అలాంటిది రాకుండా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇన్ని చెప్పి ఆయన హిందీలోకి మళ్ళబోతుంటే అమ్మ ఆపింది.

"ఎన్ని అడుగులొచ్చిందయ్యా?"

గైడుకు మొదట అర్థం కాలేదు. నాకు వెంటనే అర్థమైంది. గోదావరి గట్టు మనుషులం మేం. వరద అనే మాట వినగానే మాకు అడుగులు గుర్తొస్తాయి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. పైన తాలిపేరు ప్రాజెక్టు 25 గేట్లూ ఎత్తారంటే దుమ్ముగూడెం రోడ్డు ఎక్కడెక్కడ మునుగుతుందో చర్లలో పసిపిల్లలు కూడా చెప్తారు. 1986లో సామాను అటక మీదికి చేర్చి, పిల్లల్ని చంకనేసుకుని ఎత్తుకు నడిచిన మనిషి అమ్మ. వరద ఎంత పెద్దదో తెలియాలంటే ఆమెకు ఆ అంకె కావాలి. చింతచెట్టు ఎత్తులో ఏ కొమ్మ దాకా నీళ్ళొచ్చాయో ఊహించుకోవాలి.

"ఆ లెక్క నాకు తెల్వది పెద్దమ్మా. చెట్టు పట్టుకున్నోళ్ళు బతికిండ్రు, అది ఎరుక" అన్నాడాయన. అబద్ధం ఒకటి అల్లి చెప్పకుండా తెలియదన్నందుకు ఆ మనిషి మీద నాకు గౌరవం పెరిగింది. తర్వాత చాలాసేపు అమ్మ వెనక్కి తిరిగి ఆసుపత్రి వైపు చూసింది. చింతచెట్టు మాకు కనబడలేదు.

చార్మినార్ గురించి ఎక్కువ రాయను. 1591 నాటి ఆ కట్టడాన్ని గురించి రాయనివాళ్ళు లేరు. అమ్మ దాని కింద నిలబడి తల ఎత్తి చూసి, లాడ్‌బజార్ మొదట్లోనే ఉన్న కొట్టులో పక్కింటి పిల్లకు లక్క గాజులు బేరం చేసింది. ఇచ్చిన ఇరవై నిమిషాలూ దానికే సరిపోయాయి. నేను గమనించింది మరొకటి. బస్సు సందుల్లో మెల్లగా పోతున్నప్పుడు కిటికీలోంచి అమ్మ కళ్ళు ఎవరి కళ్ళతో కలిసినా ఆమె తల ఊపి పలకరిస్తోంది. ఇస్త్రీ చేస్తున్న ముసలాయన్ను, దుకాణం షట్టరు ఎత్తుతున్న కుర్రాణ్ణి, బురఖాలో బిడ్డను ఎత్తుకున్న తల్లిని. కొందరు తిరిగి తల ఊపారు. కొందరు ఆశ్చర్యంగా చూశారు.

అలా ఎందుకు చేస్తోందో నాకు తెలుసు. మా వైపు కూడా బస్సులు వస్తాయి. భద్రాచలంలో రాముణ్ణి చూసుకుని పర్ణశాలకు ఒక పూటలో వెళ్ళి వచ్చే బస్సులు, వ్యాన్లు. సీతవాగు దగ్గర దిగుతారు, అమ్మవారు నారచీరలు ఆరేసిన గుర్తులంటూ రాళ్ళ మీది చారలు చూస్తారు, పసుపు కుంకుమ రాళ్ళు చూస్తారు, బంగారులేడి బొమ్మ దగ్గర నిలబడతారు. అందులో తప్పేమీ లేదు. వాళ్ళూ మాలాగే పూట మిగుల్చుకుని వచ్చినవాళ్ళే. కానీ దారిలో నెత్తి మీద కట్టెలమోపుతో నడిచిపోయే కోయ ఆడవాళ్ళ పక్కన బస్సు నెమ్మదించినప్పుడు, కిటికీల్లోంచి ఫోన్లు బయటికి వస్తాయి. ఒక్క పలకరింపు ఉండదు, అడగడం ఉండదు. అద్దానికి అవతల నిలబడి ఆ చూపు ఎలా ఉంటుందో మా ఊరివాళ్ళందరికీ తెలుసు. అద్దానికి ఇవతల కూర్చునే వంతు అమ్మకు డెబ్బై ఏళ్ళకు వచ్చింది. వచ్చిన ఆ పూట ఆమె ఎవరినీ ఊరికే చూడలేదు.

గోల్కొండ దగ్గర యాభై నిమిషాలు ఇచ్చారు. ఫతే దర్వాజా గుమ్మటం కింద గైడు చప్పట్లు కొట్టి, ఈ చప్పుడు అల్లంత ఎత్తున బాలాహిస్సార్ దాకా వినబడుతుందని చూపించాడు. శత్రువు వచ్చాడని కబురు పంపే ఉపాయమట. ఇంత ఉపాయమున్న కోట 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత లోపలివాళ్ళు తలుపు తీస్తేనే పడిపోయింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. అమ్మ ఆయన దగ్గరికి పోయి మెల్లగా అడిగింది.

"రామదాసును పెట్టిన చెర ఎక్కడయ్యా?"

"పైకి పోయే తొవ్వలనే పెద్దమ్మా. మెట్లున్నయ్ మల్ల."

అమ్మ మెట్ల వంక చూసింది, మోకాళ్ళ వంక చూసుకుంది, నా వంక చూసింది. గుమ్మం పక్కన నీడలో రాతి అరుగు ఉంటే దాని మీద కూర్చుని, "నువ్వు పో. చూసొచ్చి చెప్పు" అంది.

నేను ఎక్కాను. ఎక్కుతున్నంతసేపూ ఆ మాట వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఉంది. చూసొచ్చి చెప్పు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఈ హైదరాబాదు మీదుగానే వెళ్ళాడు. దారి పొడవునా చూసినవన్నీ ఊళ్ళో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసి పంపుతూ పోయాడు. ఆ రాతలే తర్వాత కాశీయాత్ర చరిత్ర అయ్యాయి. రాలేనివాడి కోసం చూశాడు కాబట్టే ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయో, ఏ ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయో అంత ఓపికగా రాశాడు. నాకు అంత ఓపిక లేదని కాసేపట్లో తేలింది.

గది దగ్గర గుంపు. ఒకరి వెనక ఒకరు వంగి లోపలికి పోయి, ఫోటో తీసుకుని వచ్చేస్తున్నారు. లోపల చీకటి, పైనుంచి సన్నగా వెలుతురు, చెమ్మ వాసన. గోడ మీద చెక్కిన రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడు. చెరలో ఉండగా రామదాసే చెక్కుకున్నాడని చెప్తారు. గైడు మూడు నిమిషాల్లో కథ ముగించాడు. నేలకొండపల్లికి చెందిన కంచర్ల గోపన్న. గోల్కొండలో మంత్రులైన అక్కన్న మాదన్నలు మేనమామలు. పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలైన శిస్తు ఖజానాకు పంపకుండా భద్రాద్రి మీద గుడి కట్టించాడు. తానీషా చెరలో వేయించాడు. పన్నెండేళ్ళు. చివరికి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు వచ్చి ఆరు లక్షల మాడలూ కట్టి రసీదు తీసుకుపోయారు. గైడు దిగిపోయాడు, గుంపు దిగిపోయింది.

నేను కాసేపు నిలబడ్డాను. ఈ కథ నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. మా వైపు ముక్కోటికి, శ్రీరామనవమికి మైకుల్లో రామదాసు కీర్తనలు మోగని ఊరు లేదు. తానీషా నాటి ఆనవాయితీ అని ఇప్పటికీ సర్కారు నుంచి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు వస్తాయి. ఆ మాడల్లో మిగిలినవని చెప్పే నాణేలు గుళ్ళో చూపిస్తారు. కానీ మా వైపు ఆ కథ గుడి దగ్గర మొదలై గుడి దగ్గరే ముగుస్తుంది. చెర అనేది పాటలో వచ్చే ఒక మాట. ఇక్కడ అది గది. గోడలు చేతికి తగులుతున్నాయి. ఇక్కడి నుంచి చూస్తే భద్రాచలం ఎక్కడో అడవి అంచున ఉన్న ఒక బాకీ. ఒకే సంగతిని ఈ కొస నుంచి చూడటం నాకు అదే మొదటిసారి.

ఇంకొకటి కూడా తోచింది. ఈ మూడు నిమిషాల కథలో దమ్మక్క లేదు. గోపన్న రాకముందే భద్రారెడ్డిపాలెంలో ఉండే పోకల దమ్మక్క అనే కోయ భక్తురాలికి కలలో రాముడు కనబడ్డాడనీ, పుట్టలో ఉన్న విగ్రహాలను ఆమే వెలికితీసి, ఆకుల పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి పూజించిందనీ మా వైపు చెప్పుకుంటారు. గుడి కట్టిన మనిషి చెర పాలై చరిత్రలోకి ఎక్కాడు. పందిరి వేసిన మనిషి పట్నం దాకా రాలేదు. దిగుతూ గైడుతో ఈ మాట చెప్పాను. ఆయన మెట్టు మీద ఆగిపోయాడు. "ఇరవై ఏండ్ల సంది చెప్తున్న సార్, ఇది నాకు ఎవ్వరు చెప్పలే" అన్నాడు. పేరు మళ్ళీ అడిగాడు.

అమ్మ దగ్గరికి వచ్చి నేను నా గైడుపని మొదలుపెట్టాను. చెప్పింది విని ఆమె అడగడం మొదలుపెట్టింది. గదిలో మనిషి నిలబడొచ్చా, వంగి ఉండాలా? కాళ్ళు చాపుకుని పడుకునే జాగా ఉందా? గుమ్మం ఎన్ని మూరలు? వాన పడితే పై నుంచి నీళ్ళు లోపలికి వస్తాయా? కొన్నిటికి చెప్పగలిగాను. ఫోనులో ఫోటో చూపించాను. చాలాసేపు చూసింది.

"రాముడి మొహం ఎటుందిరా?"

"ఇదిగో, ఎదురుగానే కదమ్మా."

"ఫోటోలో కాదు. అక్కడ. తూర్పా, పడమరా?"

నాకు తెలియదు. ఆ గది ఏ దిక్కుకు ఉందో నేను చూసుకోలేదు. మా ఊళ్ళో దిక్కు తెలియకుండా ఎవరూ ఏదీ చెప్పరు. తూర్పు పొలం, పడమటిల్లు, ఉత్తరం వైపు వాగు. పెళ్ళిలో కూర్చునే పీట దగ్గర నుంచి చివరికి పడుకోబెట్టే తల దాకా దిక్కుంటుంది. భద్రాచలం ఇక్కడికి తూర్పున ఉంది. చెరలో ఉన్న మనిషి తన దేవుణ్ణి ఎటు మొహం పెట్టి చెక్కుకున్నాడన్నది అమ్మ ప్రశ్న. గోదారి దిక్కు చూసేట్టు చెక్కాడా? లేక గోదారి దిక్కు తానే మొక్కుకునేట్టు, తూర్పు గోడ మీద చెక్కాడా? అప్పుడు రాముడు పడమరకు చూస్తాడు. ఆ తేడా ఆమెకు చాలా ముఖ్యం. ఆమె అడిగాక నాకూ అంతే ముఖ్యమైంది. మళ్ళీ ఎక్కి చూసొద్దామని లేచాను. డ్రైవరు హారన్ కొట్టాడు. యాభై నిమిషాలూ అయిపోయాయి.

తిరుగుదారిలో బస్సు మెహదీపట్నం దాటి మాసబ్‌ట్యాంక్ మీదుగా వచ్చింది. అక్కడ గిరిజన మ్యూజియం ఉంది. కాగితంలో దాని పేరు లేదు, బస్సు ఆగలేదు. కొన్నేళ్ళ క్రితం బడి పిల్లల్ని తీసుకుని నేను అందులోకి వెళ్ళాను. కోయ పిల్లలే ఎక్కువమంది. అద్దం వెనక సొరకాయ బుర్ర చూసి ఏడో తరగతి పిల్ల ఒకతె నా చొక్కా లాగింది. "సార్, ఇది మా నాయనమ్మ దగ్గరుంది. పొద్దున దీంట్లోనే నీళ్ళు పోసుకుని చేనుకు పోయింది" అంది. ఆ బుర్ర కింద చీటీ మీద రాసిన మాటల కన్నా ఆ పిల్ల చెప్పిందే నిండుగా ఉంది. ఎవరు పోసుకున్నారు, ఎక్కడికి పోయారు, ఎప్పుడు అన్నీ ఉన్నాయి అందులో.

మా వైపు చెప్పేవాళ్ళు లేక కాదు. గోదావరికి అవతలి ఒడ్డున మణుగూరు మండలం కూనవరంలో సకిని రామచంద్రయ్య ఉండేవారు. డోలి కోయ కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథ, కోయ వంశాల గాథలు కంచుతాళం పట్టి పాడేవారు. అక్షరం ముక్క రాసుకున్నది కాదు, అంతా నోటికే. వంశాల బొమ్మలుండే గుడ్డ పడిగె పక్కన ఉంటే, ఏ గోత్రం ఎక్కడి నుంచి వచ్చిందో, ఎవరు ఎవరికి ఏమవుతారో వినేవాళ్ళకు కళ్ళ ముందు నడిచేది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. ఒక మనిషి తన జాతి మొత్తాన్ని తరాల వెంట నడిపించి చూపించగలగడం అంటే ఏమిటో ఆయన్ను విన్నవాళ్ళకు తెలుసు. బస్సు గైడు చేతిలో మైకు చూస్తే నాకు ఆ కంచుతాళం గుర్తొచ్చింది. ఇద్దరిదీ ఒకటే పని అని నేను అనుకుంటున్నాను. ఒకరికి రాత్రంతా ఇచ్చారు, ఒకరికి మూడు నిమిషాలు ఇచ్చారు.

చివరగా ట్యాంక్‌బండ్. హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుణ్ణి చూపించి, 1990లో పడవలో తీసుకుపోతుంటే విగ్రహం నీళ్ళలో పడిపోయి, మనుషుల ప్రాణాలు పోయి, రెండేళ్ళకు పైగా చెరువు అడుగునే ఉండి 1992 డిసెంబరులో నిలబడ్డ సంగతి గైడు చెప్పాడు. ఎండ మండుతోంది. సగంమంది దిగలేదు. గట్టు మీద విగ్రహాల వరసలో రామదాసు ఉన్నాడు. తానీషా కూడా ఉన్నాడు. ఆర్థర్ కాటన్ ఉన్నాడు, గోదావరిలో ఆవిరి పడవలు నడపాలని ఆయన తలపెట్టిన పనిలోనిదే మా దుమ్ముగూడెం ఆనకట్ట. అమ్మకు ఆ ముగ్గుర్నీ చూపించాను.

"చెరలో పెట్టినాయనను, చెరలో ఉన్నాయనను ఒకే గట్టు మీద పెట్టారా?" అంది.

గైడు విన్నాడు. మైకు తీసి పక్కన పెట్టి మా సీటు దగ్గరికి వచ్చాడు. "తానీషా సుత చెరలనే పోయిండు పెద్దమ్మా" అన్నాడు. కోట పడిపోయాక ఔరంగజేబు ఆయన్ను దౌలతాబాదు కోటకు పంపించాడు. 1687 నుంచి 1699లో చనిపోయేదాకా అక్కడే బందీ. పన్నెండేళ్ళు. ఆ సంవత్సరాలు నాకు ముందే తెలుసు, కానీ తీసివేత ఎప్పుడూ చేయలేదు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయన గోడ మీద ఏం చెక్కుకున్నాడో" అంది.

బస్సు కదిలాక గైడు మళ్ళీ మైకు అందుకున్నాడు. రామదాసు సంగతి ఇంకొకటి ఉందని మొదలుపెట్టి, ఆయన గుడి కట్టకముందే అక్కడ ఆకుల పందిరి వేసిన కోయ తల్లి ఒకామె ఉందనీ, ఆ దిక్కు నుంచే ఈ పెద్దమ్మ వచ్చిందనీ చెప్పాడు. ఆమె పేరు ధర్మక్క అన్నాడు.

"దమ్మక్క" అని అమ్మ ముందు సీటులోంచి సరిదిద్దింది.

"దమ్మక్క" అన్నాడాయన. హిందీలో అన్నాడు. ఇంగ్లీషులో కూడా అన్నాడు. మూడు భాషల్లోనూ ఆ పేరు ఒక్కలాగే వినబడింది.

రాత్రి బస్సెక్కాం. అమ్మ కిటికీ పక్కన. పాల్వంచ దాటాక మెలకువ వచ్చి చూస్తే ఆమె నిద్రపోలేదు. తెల్లవారుజామున గోదావరి వంతెన మీదికి బస్సు ఎక్కగానే అలవాటుగా చేతులు జోడించింది, కింద నీళ్ళెంత ఉన్నాయో తొంగి చూసింది. వేసవి కదా, ఇసుక దిబ్బలే ఎక్కువ. దుమ్ముగూడెం మీదుగా చర్ల చేరేసరికి ఎండ వచ్చేసింది.

సాయంత్రం అరుగు మీద నలుగురు చేరారు. పక్కింటి పిల్ల చేతులకు లక్క గాజులు ఉన్నాయి. అమ్మ చెప్పడం మొదలుపెట్టింది. నేను లోపల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ విన్నాను. గంట గంటకూ బయటికి వచ్చే చిన్న మనిషి గురించి చెప్పింది, చూడని గడియారాన్ని. నూటయాభై మందిని మోసిన చింతచెట్టు గురించి చెప్పింది, చూడని చెట్టును. ఎన్ని అడుగులొచ్చిందని ఎవరో వెంటనే అడిగారు. ఆ లెక్క అక్కడివాళ్ళకే తెలియదట అంది. తర్వాత గోల్కొండ. నేను ఆమెకు చెప్పిన దానికన్నా ఆ గది ఆమె మాటల్లో చీకటిగా, ఇరుకుగా, చెమ్మగా ఉంది. పెన్ను ఆపేసి విన్నాను.

గోడ మీది రాముడి దగ్గరికి వచ్చింది.

"మొహం ఎటుందక్కా?" అని అవతలి వీధి నుంచి వచ్చిన ఆమె అడిగింది.

"మావాడు దిక్కు చూసుకోలేదు. మళ్ళీ మందులకు పోవాలిగా మూడు నెలలకి, అప్పుడు చూసొస్తాడు" అంది అమ్మ.